చైన్ బిగించారు సరే, బ్రేకు చూశారా?

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడగానే పత్రికల్లో వానాకాలం వాహన జాగ్రత్తలు ఏటా వస్తాయి. టైర్లు, వైపర్లు, బీమా గురించి వివరంగానే రాస్తారు. రెండు చక్రాల బండ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'చైను, బ్రేకులు చెక్ చేయించుకోండి' అని ఒక్క ముక్కతో సరిపెడతారు. పాలవాడి దగ్గర్నుంచి టీచరమ్మ దాకా మన ఊళ్ళలో అందరూ తిరిగేది ఈ బండ్ల మీదే. చెక్ చేయడమంటే ఏం చూడాలి, ఎంత ఉండాలి, తప్పితే ఏమవుతుంది అన్నది ఎవరో ఒకరు చెప్పాలి కదా. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా రాస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. చైన్ బిగించడం, బ్రేకు సరిచేయడం రెండు పనులు కావు, ఒకటే పని. వెనక డ్రమ్ము బ్రేకు ఉన్న బండికి చైన్ లూజు తీయాలంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపాలి. చక్రంతో పాటు డ్రమ్మును మూసే బ్రేకు ప్లేటు, దాని మీద రాడ్డు తగిలించే ఆర్మ్ కూడా వెనక్కి పోతాయి. పెడల్ నుంచి వచ్చే బ్రేకు రాడ్డు పొడవు మాత్రం మారదు. దాంతో రాడ్డు ఆర్మ్‌ను ముందుకు లాగి పట్టుకుంటుంది. పెడల్ తొక్కకపోయినా లైనర్లు, అంటే లోపలి బ్రేకు పట్టీలు, డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి. బండి బరువుగా లాగుతుంది, మైలేజీ పడిపోతుంది, నాలుగైదు కిలోమీటర్లు పోయాక డ్రమ్ము చేయి పెట్టలేనంత కాలుతుంది. 'చైన్ టైట్ చేయించాక బండి లాగట్లేదు' అని చాలామంది అనేది ఇందుకే. తప్పు చైనుది కాదు, రాడ్డు చివరి నట్టు వదులు చేయకపోవడానిది.

ఇంతకంటే ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా దాన్ని స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచి పైకీ కిందికీ ఆడే చట్రానికి) కట్టి ఉంచే పట్టీ ఒకటి ఉంటుంది. టార్క్ రాడ్డు అంటారు, కొందరు స్టే రాడ్డు అంటారు. దాని బోల్టుకు నట్టు, ఆ నట్టు ఊడిపోకుండా స్ప్లిట్ పిన్ను ఉంటాయి. చక్రం జరపడానికి ఈ నట్టు కూడా వదులు చేస్తారు. తిరిగి బిగించడం మరిచిపోయినా, పిన్ను పెట్టకపోయినా, కొన్నాళ్ళకు అదిరి అదిరి నట్టు రాలిపోతుంది. ఆ తర్వాత బ్రేకు గట్టిగా తొక్కగానే ప్లేటు చక్రంతో పాటు గిర్రున తిరిగి, రాడ్డును మెలిపెట్టి, చక్రాన్ని బిగదీసేస్తుంది. బండి దగ్గర కూర్చుని కుడిపక్క హబ్బు కింద చూస్తే ఆ పిన్ను ఉందో లేదో కనబడుతుంది. రెండు కాళ్ళూ విడదీసి వంచి ఉండాలి. తీసిన పాత పిన్ను మళ్ళీ వంచితే విరుగుతుంది కాబట్టి కొత్తది వేయాలి. ఆ బోల్టులో వైరు ముక్క కనిపించినా, ఉత్త బెజ్జమే కనిపించినా బండి కదిలించకండి.

ఇక చైన్ లూజు సంగతి. బండిని సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో పెట్టి, చైను తిరుగుతుండగా గుడ్డతో తుడిచే అలవాటు కొందరికి ఉంది. గుడ్డ స్ప్రాకెట్టులో, అంటే చైను తిరిగే పళ్ళ చక్రంలో, పడితే వేళ్ళు కూడా దాంతోనే లోపలికి పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి, దీనికి మినహాయింపు లేదు. కింది వరస చైను మధ్యలో వేలు పెట్టి పైకి నొక్కి, కిందికి లాగి, మొత్తం ఎంత ఆడుతోందో స్కేలుతో చూడండి. మామూలు 100, 125 సీసీ బండ్లకు దాదాపు 20 నుంచి 30 మి.మీ. ఉండాలి. మీ బండికి కచ్చితమైన కొలత, దాన్ని ఏ స్టాండు మీద చూడాలన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటాయి. కొన్నింటికి స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కరే ఉంటుంది. మూత చైన్ కవరున్న బండ్లకు కింద చిన్న రబ్బరు బిరడా ఉంటుంది, అది ఊడదీసి ఆ కంతలోంచి చూడాలి.

ఒక్క చోట చూసి వదలకూడదు. చక్రాన్ని పావు తిప్పు తిప్పి మళ్ళీ కొలవండి, ఇంకో పావు తిప్పి మళ్ళీ. చైను అంతటా ఒకేలా అరగదు. ఒక చోట 30 మి.మీ. ఆడిన చైను ఇంకో చోట 12 మాత్రమే ఆడవచ్చు. బిగువుగా ఉన్న చోటును పట్టుకునే సర్దాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే, బిగువు చోటు వచ్చినప్పుడల్లా చైను తీగలా సాగి, గేరు బాక్సు షాఫ్టు బేరింగునూ హబ్బు బేరింగులనూ తినేస్తుంది. ఇంజన్ దగ్గర ఉండే చిన్న స్ప్రాకెట్టు వెనక ఆయిల్ కారడం మొదలైందంటే, ముందుగా అనుమానించవలసిన వాటిలో చాలాకాలం బిగువుగా తిరిగిన చైను ఒకటి. పైగా స్టాండు మీద సరిగ్గా ఉన్న చైను ఇద్దరు ఎక్కి కూర్చోగానే బిగుస్తుంది. స్వింగ్ ఆర్మ్ పైకి లేచి చిన్న స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైనుకు కావలసిన పొడవు అన్నిటికంటే ఎక్కువ. ఆ కాస్త వదులు ఉంచేది అందుకే. 'గట్టిగా బిగించు, మళ్ళీ మళ్ళీ రాకుండా' అని మెకానిక్కుకు చెప్పకండి.

బిగించే తీరు ఇది. యాక్సిల్ నట్టు వదులు చేయండి. కొన్ని బండ్లకు యాక్సిల్ నట్టు లోపల స్ప్రాకెట్టు వైపు స్లీవ్ నట్టు అని మరొకటి ఉంటుంది, అదీ వదులు చేయాలి. తర్వాత టార్క్ రాడ్డు నట్టు, ఆపైన అడ్జస్టర్ల (చక్రాన్ని వెనక్కి లాగే మరల) చెక్ నట్లు. అడ్జస్టర్లను రెండు వైపులా సమంగా, ఒక్కోసారి అర తిప్పు మించకుండా తిప్పండి. స్వింగ్ ఆర్మ్ మీద గీతలుంటాయి, ఎడమ పక్క ఎన్నో గీత మీద ఉందో కుడి పక్కా అదే గీత మీద ఉండాలి. చక్రం వంకరగా కూర్చుంటే చైను లోపలి పట్టీలు ఒక వైపే నిగనిగలాడతాయి, స్ప్రాకెట్టు పళ్ళు ఒక పక్కే చెక్కుకుపోతాయి, బండి ఒక వైపు లాగుతుంది. యాక్సిల్ నట్టు బిగించే ముందు చక్రాన్ని వెనక నుంచి ముందుకు నెట్టి పట్టుకోండి, యాక్సిల్ రెండు అడ్జస్టర్లకూ ఆనుతుంది. బిగించాక లూజు మళ్ళీ కొలవండి. నట్టు బిగింపులోనే నాలుగైదు మి.మీ. తేడా వచ్చేయడం మామూలే.

ఆ తర్వాత బ్రేకు. పెడల్ పైనుంచి నొక్కితే, బ్రేకు పట్టేలోపు 20 నుంచి 30 మి.మీ. ఉత్తగా దిగాలి. రాడ్డు చివర నట్టుతో అది సరిచేసి, చక్రం తిప్పి రాపిడి లేదని చెవి పెట్టి వినండి. పెడల్ సరిచేశాక బ్రేకు లైటు ఎప్పుడు వెలుగుతోందో కూడా చూడండి. బ్రేకు పట్టడం మొదలయ్యేసరికి లైటు వెలగాలి. 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి కనీసం కాంబీ బ్రేకు తప్పనిసరి. వీటిలో వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకూ కొంత పడుతుంది. కాబట్టి వెనక రాడ్డు ఒక్కటే తిప్పి వదలకుండా, పెడల్ వదిలాక ముందు చక్రం స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూడాలి.

చైను శుభ్రం చేయడంలో జరిగే తప్పులు మూడు. మొదటిది, వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయడం. ఊరికే వస్తుంది కదా అని డబ్బాలో దాచి మరీ పోస్తారు. అందులో మసి, ఇనుప రజను ఉంటాయి, అది చైనుకు నూనె కాదు, ఆకురాయి పొడి. రెండోది, గ్రీజు పామడం. గ్రీజు పైన కూర్చుంటుందే గానీ చైను లింకులను కలిపే పిన్నుకూ, దాని చుట్టూ ఉండే బుష్షు గొట్టానికీ మధ్యకు దిగదు, పైగా దుమ్మంతా పట్టేసుకుంటుంది. మూడోది, పెట్రోలుతో కడగడం. నిప్పు ప్రమాదం ఒకటైతే, 150 సీసీ పై బండ్లలో ఎక్కువగా ఉండే ఓ-రింగు చైనులో రబ్బరు రింగులు ఉబ్బి పాడైపోతాయి. ఆ రింగుల లోపల కంపెనీలో పెట్టిన గ్రీజు ఉంటుంది. అది బయటికి పోయిందంటే చైను ఆయుష్షు అయిపోయినట్టే, మళ్ళీ లోపలికి పెట్టే దారి లేదు. ఇనుప తీగల బ్రష్షు, ప్రెషర్ గన్ కూడా అందుకే వాడకూడదు.

కిరోసిన్ గానీ చైన్ క్లీనర్ గానీ పాత టూత్ బ్రష్షుతో రాసి, నూలు గుడ్డతో పొడిగా తుడవండి. నల్లరేగడి బురదలోనో, కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఉప్పుగాలిలోనో తిరిగే బండైతే ముందు మామూలు నీళ్ళతో కడిగి ఆరనివ్వండి. 90 నంబరు గేర్ ఆయిల్ రెండు టీ స్పూన్లు చాలు. చైన్ స్ప్రే అయితే డబ్బా మీద ఓ-రింగు చైనుకు పనికొస్తుందని రాసి ఉండాలి. బండి తిరిగొచ్చాక చైను గోరువెచ్చగా ఉన్నప్పుడు, కింది వరస లోపలి వైపు, పట్టీల అంచుల మధ్య పడేలా చుక్కలు చుక్కలుగా వేస్తూ చక్రం తిప్పండి. చైను తిరిగేటప్పుడు నూనె లోపలి నుంచి బయటికి చిమ్ముతుంది కాబట్టి లోపల వేసిందే అంతటా పాకుతుంది. రాత్రంతా వదిలి, పొద్దున్నే పైన మిగిలింది తుడిచేయండి. పైన తడి కనిపించకూడదు. ఇది 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిస్తే ఆ వారంలోనే. స్ప్రే కొట్టేటప్పుడు టైరుకూ డిస్కుకూ పాత పేపరు అడ్డం పెట్టండి.

చైను సాగింది అంటాం గానీ ఇనుము సాగదు. ప్రతి పిన్నూ, బుష్షూ వెంట్రుక వాసి అరుగుతాయి, వందకు పైగా లింకుల్లో ఆ అరుగుదల అంతా కలిసి పొడవుగా కనిపిస్తుంది. కొలిచే పద్ధతి ఉంది. మన చిన్న బండ్లలో ఎక్కువగా ఉండేది 428 చైను, పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మి.మీ. దూరం. చైనును బిగువుగా పట్టి, ఒక పిన్నును ఒకటిగా లెక్కపెట్టి, దాని నడిమి నుంచి 21వ పిన్ను నడిమి దాకా కొలవండి. కొత్తదైతే 254 మి.మీ. 259కి వచ్చిందంటే మార్చాలి. పెద్ద బండ్ల 520 చైనుకు ఇదే కొలత కొత్తదానికి 317.5, మార్చాల్సింది 324 దగ్గర. స్కేలు లేకపోతే వెనక స్ప్రాకెట్టుకు సరిగ్గా వెనక వైపు మధ్యలో చైనును పట్టి లాగండి. పల్లు సగానికి పైగా బయటపడితే దాని పని అయిపోయింది.

పళ్ళు కొక్కేల్లా ఒక వైపు వంగి మొన తేలినా అంతే. చిన్న స్ప్రాకెట్టు మూత తీసి అది కూడా తప్పక చూడాలి. వెనక 42 పళ్ళు, ముందు 14 పళ్ళు ఉన్నాయనుకుంటే, వెనక పల్లుకు ఒక్క దెబ్బ పడేలోపు ముందు పల్లుకు మూడు పడతాయి. ముందుగా పోయేది అదే, మూత చాటున ఉండడంతో ఎవరికీ కనబడనిదీ అదే. మార్చేటప్పుడు చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి కిట్టుగానే మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే కొన్ని వేల కిలోమీటర్లకే అదీ పాడవుతుంది. డబ్బు మిగలదు, రెండుసార్లు ఖర్చవుతుంది. పళ్ళ లెక్క కంపెనీ ఇచ్చినంతే ఉందో లేదో కొనేటప్పుడు లెక్కపెట్టుకోండి. చక్రం విప్పారు కాబట్టి హబ్బులోని రబ్బర్లు కూడా చూడండి. స్ప్రాకెట్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే కటకటా ఆడుతుంటే ఆ రబ్బర్లు మార్చాలి. లేకపోతే గేరు మార్చిన ప్రతిసారీ ఆ కుదుపు కొత్త చైను మీదే పడుతుంది.

ఒక అలవాటును గట్టిగా ఖండించాలి. అడ్జస్టరు చివరి గీతకు వచ్చి ఇక బిగించే చోటు లేనప్పుడు, ఒక లింకు తీసేసి చైను కురచ చేసి మళ్ళీ వేస్తారు. చైను అయిపోయిందని బండి చెబుతున్న మాటను అలా నోరు మూసేయడమే. అలాంటి చైను పల్లు దాటుతుంది, లేదా తెగుతుంది. తెగిన చైను చిన్న స్ప్రాకెట్టు చుట్టూ చుట్టుకుంటే ఇంజన్ కేసు పగలవచ్చు, వెనక చక్రం ఉన్నచోటే ఆగిపోవచ్చు. కిట్టుకు పెట్టే డబ్బు దాని ముందు ఎంత?

చైను రెండు చివరలనూ కలిపే చైన్ లాకు గురించి కూడా చెప్పాలి. చేప ఆకారంలో ఉండే క్లిప్పుకు ఒక వైపు మూసి, ఇంకో వైపు చీలి ఉంటుంది. మూసిన వైపు చైను పోయే దిక్కుకు ఉండాలి. అంటే పై వరసలో ఉన్నప్పుడు ముందుకు, కింది వరసలో ఉన్నప్పుడు వెనక్కి. తిరగేసి పెడితే దేనికైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది. క్లిప్పు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో గోటితో తడిమి చూడండి.

డ్రమ్ము లైనర్లు ఎంత మిగిలాయో విప్పకుండానే తెలుస్తుంది. ఆర్మ్ దగ్గర బాణం గుర్తు ఉంటుంది. పెడల్ తొక్కి పట్టినప్పుడు ఆ బాణం ప్లేటు మీది గుర్తుకు చేరితే లైనర్లు మార్చాలి. అరిగిన లైనర్లతోనే ఇంకొన్నాళ్ళు లాగించడానికి ఆర్మ్‌ను ఊడదీసి ఒక పల్లు వెనక్కి మార్చి పెట్టేవారున్నారు. లోపల లైనర్లను విడదీసే క్యామ్ తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగి అక్కడే ఇరుక్కుంటే బ్రేకు వదలదు. డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్ము నోటితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. క్యామ్ పిన్నుకు వేడికి తట్టుకునే గ్రీజు అతి పల్చగా రాస్తే చాలు. అది కరిగి లైనరు మీదికి వస్తే లైనరు పారేయాల్సిందే, ఉప్పు కాగితంతో రుద్దినా నూనె పోదు.

డిస్కు ప్యాడు మీద మిగిలిన మందం టార్చి వేసి చూడండి. 1.5 మి.మీ.కి వచ్చినా, ప్యాడు మీది గాడి చెరిగిపోయినా మార్చాలి. కొత్త ప్యాడ్లు పెట్టేటప్పుడు పిస్టను లోపలికి నొక్కుతారు కాబట్టి, బండి ఎక్కే ముందు లివరును గట్టిపడేదాకా పంపు కొట్టాలి. అది మరిచి బయలుదేరితే మొదటి మలుపులో లివరు పిడి దాకా వచ్చేస్తుంది గానీ బండి ఆగదు. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిదానంగా నడపండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగవచ్చు. శ్రీశైలం, అరకు ఘాట్లు దిగేటప్పుడు లివరు మెత్తబడితే ఇదొక పెద్ద కారణం. రెండేళ్ళకు ఒకసారి మార్చాలి, మూత మీద ఏ నంబరు రాసి ఉంటే అదే పోయాలి, తెరిచి ఉంచిన పాత సీసాలోది పనికిరాదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి ఈ ఆయిల్ పని ఇంట్లో పెట్టుకోవద్దని నా సలహా. యూనిట్‌లో గాలి చేరితే కొన్ని బండ్లకు కంపెనీ పరికరం లేకుండా అది బయటికి రాదు.

వాటర్ సర్వీసింగ్ దగ్గర మెరుపు కోసం బండి మీద డీజిల్ చిమ్ముతారు. అది డిస్కు మీద, డ్రమ్ము సందుల్లో పడితే బ్రేకు పట్టదు. 'చక్రాల మీద డీజిల్ వద్దు' అని ముందే చెప్పండి. చీరలు, చున్నీలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. అందం కోసం ఆ గార్డు ఊడదీయించుకునేవాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కే బండి అది అని గుర్తుపెట్టుకోవాలి.

షోరూముల వారికి ఒక విన్నపం. బండితో ఇచ్చే పుస్తకం తెలుగులోనూ ఇవ్వండి, కనీసం చైన్ లూజు కొలతా, పెడల్ ఆట కొలతా తెలుగులో స్టిక్కరు కొట్టి చైన్ కవరు మీద అంటించండి. మీ పత్రికకూ ఒక విన్నపం. చైన్ లాకు ఎటు తిరిగి ఉండాలో, టార్క్ రాడ్డు పిన్ను ఎక్కడుంటుందో మాటల్లో ఎంత చెప్పినా సగమే అర్థమవుతుంది. ఈ వానాకాలం జాగ్రత్తల పేజీలో ఆ రెండింటికీ బొమ్మలు వేయించండి.

ఇట్లు,
ఓ పాఠకుడు,
తాడేపల్లిగూడెం